పావు మర

నల్లగొండ ఆయుధాగారంల, పొద్దుగాల తొమ్మిదింటికి,
బల్ల మీద పండుకొని ఉన్నది నూట పద్నాలుగో నంబరు.
మూడు వానకాలాలు చందంపేట స్టేషన్ల తడిసొచ్చింది.
మూతికాడ మంట దాచే గొట్టం
తుప్పుతోని పట్టుకపోయి రానంటె రానంటున్నది.

నేను పానా అందుకున్న.
జానిమియా సారు చెయ్యి అడ్డం పెట్టలే,
గొంతు అడ్డం పెట్టిండు:
"ముందు దాన్ని అడుగు."

అడుగుడంటే ఏందో ఆడనే నేర్చుకున్న.
మ్యాగజీన్ తియ్యాలె. బోల్టు ఎనుకకు గుంజాలె.
తూటా కూసునే అర్రలకు తొంగిచూడాలె,
చూసినంక చిటికెనవేలు పెట్టి తడమాలె.
కండ్లకు తొందరుంటది, వేలికి ఉండదు.
ఇగ నోరు తెరిచి బయటికి చెప్పాలె.

"ఖాళీ" అన్న.
"నాకు ఇనబడలే."
"ఖాళీ సార్."
"గోడకు ఇనబడలే."

గోడకు శనగగింజంత గుంట ఉన్నది,
నాలుగుమాట్ల సున్నమేసినా పూడలే.
ఆయన కొత్తగ చేరినేడు
ఖాళీదే అనుకున్నదొకటి చేసిన సంతకమది.
ఎవలు పట్టుకున్నరో, ఎవలు పక్కనున్నరో
అడిగితె బనియన్ గుడ్డతోని కండ్లద్దాలు తుడుసుకుంటడు.
మూడోమాటు గోడ దిక్కు తిరిగి అన్న.

బర్రెతోలు ముక్కలు చుట్టి వైసుల బిగించినం.
"కట్టె కాడ పట్టకు, నడుము కాడ పట్టకు.
మర ఏడుందో దాని పక్కపొంటి పట్టు.
దూరం పట్టి తిప్పితె
తిరిగేది మొండిది కాదు బిడ్డా, మంచిది."

నూనె సుక్కలు ఏసినం.
"ఇగ?"
"ఇగ చాయ్."

గడియారం సెంటర్ల, బత్తాయి బండ్ల నడుమ,
ఎడమచేత్తోని గలాసు పట్టుకొని తాగుతడు.
కుడి మణికట్టు సగమే తిరుగుతది.
పదవి దిగేటందుకు ఇంక పందొమ్మిది దినాలు.

మా అమ్మమ్మది మర్రిగూడ దిక్కు.
బోరునీళ్ళు తాగి తాగి
మెడ తిప్పాలంటే మనిషే తిరిగేది.
కట్లు కట్టేటోడని ఒకడొచ్చి
తల రెండు చేతుల్ల పట్టి ఒక్క గుంజు గుంజిండు.
ఆ అరుపు నేను ఆరో తరగతిల ఇన్న,
ఇప్పటికి ఎవలన్న బలంగ తిప్పుతుంటె చెవులల్ల మోగుతది.
అమ్మ వాన్ని ఎల్లగొట్టి ఆముదం కాచింది.
రోజు మాపటీలి, రెండు బొటనవేళ్ళు, అంతే.
బతుకమ్మ నాటికి
ఆ మెడ పావలంత, వాకిట్లున్న నా దిక్కు తిరిగింది.
అటెనుక ఇంక తిరగలే. అదే ఆఖరు.

తెల్లారి మళ్ళ మొదటికెళ్ళి:
బోల్టు, చూపు, వేలు, మాట.
రాత్రి బీరువాల తాళమేసి పెట్టింది గద సార్ అంటె
తాళానికి తూటా ఎరుకనా అన్నడు.
జర వేడిగాలి పట్టిన. కదల్లే.
కోపమొచ్చి పానా పిడికి ఇనుపపైపు తొడగబోయిన.
ఆయన పైపు గుంజుకొని
బకెట్ల ఏసిండు, నీళ్ళు నా బూట్ల మీద.
మళ్ళ నూనె. మళ్ళ చాయ్.

మూడోనాడు, ఎడమకు.
చింతగింజ పంట్లకింద పగిలినట్టు చిన్న చప్పుడు.
పావు మర.
నేను ఎగిరి దుంకేదాన్ని,
ఆయన మొకంల ఏం లేదు, "ఆగు" అన్నడు,
"గెలిచినప్పుడే చెయ్యి జారుతది."
సుట్టు సుట్టుకు ఎర్రటి పిండి రాలుతుంటె
నిదానంగ, అన్నంల రాళ్ళేరినంత నిదానంగ తీసిన.

మరల నిండ బురుసు కొట్టి, కొత్త గ్రీజు పూసి,
తిరిగి ఎక్కించేటప్పుడు నా మోచెయ్యి తట్టిండు:
"పట్టు సరిపోయినంతనే బిగియ్యి.
ముప్పై ఏండ్లకు ఎవతో దీన్ని ఇప్పుతది,
మనలను తిట్టుకోవద్దు."

రిజిస్టరుల రాసిన:
నూట పద్నాలుగు. గొట్టం ఊడదీసినం. దెబ్బ లేదు.
సంతకం నాతోనే పెట్టించిండు.
రేపు సీసాల ఆముదం తెస్త సార్, మణికట్టుకు, అన్న.
ఆయన గోడ దిక్కు చూసుకుంట
చెయ్యి మెల్లగ, ఆడికే, అంతవరకే, తిప్పిండు.